నేను చూడని మొదటి భాగం

ఇప్పుడు ఏ సినిమా కథ కావాలన్నా ఫోనులో నాలుగు అక్షరాలు కొడితే చాలు, విలన్ ఎలా చస్తాడో కూడా ముందే తెలిసిపోతుంది. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను న్యూజిలాండ్ వచ్చి పాపకూర అనే ఊళ్ళో దిగిన రోజుల్లో, ఈ సుఖం లేదు. కథ తెలియాలంటే సినిమా చూడాలి, లేదా చూసినవాళ్ళను బతిమాలుకోవాలి. మా ఇంట్లో మొదటి దారి మూసేశారు. మా నాన్నగారు చర్చిలో సంఘపెద్ద. సినిమా హాలు మెట్లెక్కినవాళ్ళు నరకం మెట్లు దిగుతారని ఆయన గట్టి నమ్మకం. అందుకని ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా నాకు తెలిసిన సినిమాలన్నీ మా పెద్దమ్మ కూతురు చెప్పగా విన్నవే. ట్యూషనుకని చెప్పి మ్యాట్నీకి వెళ్ళొచ్చి, డాబా మీద బియ్యంలో రాళ్ళు ఏరుతూ, మూడు గంటల సినిమాను నాలుగు గంటలు చెప్పేది. పాటలు పాడేది, ఫైటింగులకు చేట మీద దరువు వేసేది.

నర్సింగు చదివి వచ్చినా ఇక్కడి రిజిస్ట్రేషన్ అయ్యేలోగా ఒక రెస్ట్ హోములో, అంటే వృద్ధాశ్రమంలో, కేర్‌గివర్‌గా చేరాను. మూడు నెలలు ట్రయల్. చివర మేనేజరు మంచి రిపోర్టు రాస్తే వర్క్ పర్మిట్, లేకపోతే పెట్టె సర్దుకుని తెనాలి. పని కష్టమేం కాదు. వచ్చిన చిక్కల్లా పిలుపు దగ్గర. అక్కడ అందరినీ పేరు పెట్టి పిలవాలి. ఎనభై ఆరేళ్ళ పెద్దాయనను పట్టుకుని పేరుతో పిలవమంటే నాకు నోరు పెగిలేది కాదు. పిలవలేక మాట్లాడడమే మానేశాను. మనసులో మాత్రం అందరికీ వరసలు పెట్టుకున్నాను. యాభై ఏళ్ళు గొర్రెల ఉన్ని కత్తిరించినాయన గొర్రెల తాత. పొద్దస్తమానం నీలం మఫ్లరు అల్లుతూ కూర్చునే ఆవిడ అల్లికల మామ్మ. (ఆ మఫ్లరు అప్పటికే తలుపు దాకా వచ్చింది.)

రెండు నెలలయ్యాక మేనేజరు నన్ను గదిలోకి పిలిచింది. పొడుగు మనిషి, ముక్కు చివర కళ్ళద్దాలు, ఆవిడ ఎదట పడితే నాకు స్కూల్లో హోంవర్కు చెయ్యని రోజు గుర్తొచ్చేది. పని బాగా చేస్తున్నావు కానీ నోరు విప్పవు, వీళ్ళకు స్నానం కన్నా మాట ముఖ్యం, ఈ నెలలో మారకపోతే నేను రిపోర్టు రాయలేను అని మెత్తగానే చెప్పింది. ఇంటికొచ్చి ఏడ్చాను. నేను అద్దెకున్న ఇంటి ఆంటీ కూడా నర్సే. కాఫీ ఇచ్చి, "నోరు తెరువు తల్లీ. ఇక్కడ ఊరుకున్నావంటే అణకువ అనుకోరు, పొగరనుకుంటారు" అంది. తెరవడానికి నేను సిద్ధమే, ఏం మాట్లాడాలో తోచాలి కదా!

ఆ శనివారం మధ్యాహ్నం పెద్దవాళ్ళకు వేసే సినిమా తెచ్చే పని నామీద పడింది, ఎప్పుడూ తెచ్చే ఆవిడకు జ్వరం. ప్రశాంతంగా, మంచి సీనరీ ఉన్నది చూసి తెమ్మన్నారు. జన్మలో వీడియో షాపు గడప తొక్కని దాన్ని, అన్ని డీవీడీలు చూసేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. ఒక అట్ట మీద మంచు కొండలు, ఒక గుడి, దాని ముందు ఇద్దరు మనుషులు ఎదురెదురుగా తల వంచి చేతులు జోడించి ఉన్నారు. భక్తి సినిమా అనుకున్నాను. పేరు పక్కన రెండు అని అంకె ఉంది. ఉంటే ఏం, బైబిల్లో రెండో రాజుల గ్రంథం లేదా? తీసుకొచ్చేశాను. అది వీడియో గేము ఆధారంగా తీసిన కరాటే సినిమా అని, అందులో రెండో భాగమని నాకెలా తెలుస్తుంది?

పన్నెండుమంది టీ కప్పులతో కూర్చున్నారు. ఐదు నిమిషాలు కొండలు, మంచు బాగానే నడిచాయి. తర్వాత ఆ ఇద్దరూ ఒకరికొకరు దణ్ణం పెట్టుకున్నారు. దణ్ణం పూర్తికాగానే ఒకడు రెండోవాణ్ణి తన్నాడు, వాడు గోడ పగలగొట్టుకుని అవతల పడ్డాడు. ఆపేద్దామని రిమోట్ కోసం చెయ్యి చాపితే గొర్రెల తాత దాన్ని దుప్పటి కిందకి తోసేశాడు. "ఉండు. వీళ్ళెందుకు కొట్టుకుంటున్నారు?" అన్నాడు. అదంతా మొదటి భాగంలో చెప్పి ఉంటారని మామ్మ అంది. పన్నెండు తలలూ నావైపు తిరిగాయి. మీ వైపు సినిమాలాగే ఉంది, నీకు తెలిసే ఉంటుంది అన్నాడు తాత. (ఆ కొండలకూ తెనాలికీ ఎంత దూరమో నాకూ తెలియదు.) తెలియదని చెప్పడానికే నోరు తెరిచాను. "వాళ్ళిద్దరూ అన్నదమ్ములు" అని వచ్చింది.

ఇక నన్ను ఆపేదెవరు? వరదలో తల్లి చేతుల్లోంచి జారిపోయిన చిన్న కొడుకు శత్రువు ఇంట్లో పెరిగాడన్నాను. తండ్రిని చంపింది ఆ శత్రువే అన్నాను. గేములోంచి పుట్టిన సినిమా కాబట్టి ఒకరి తర్వాత ఒకరు రావడం, దణ్ణం, తన్నులు, పోవడం, అంతే. ఎందుకు వచ్చారో ఎవరూ చెప్పరు. నేను చెప్పాను. ఎర్ర బట్టల పిల్ల హీరో మేనమామ కూతురని, ఉయ్యాల్లోనే మాటనుకున్న సంబంధాన్ని వాడు మరిచిపోయాడని తంతోందని అంటే, ముసలమ్మలందరూ తన్నమన్నారు. చేట లేదు కనక బిస్కెట్ల డబ్బా మీద దరువు వేశాను. అల్లికల మామ్మ నేనొచ్చాక మొదటిసారి సూదులు పక్కన పెట్టింది. తల తిప్పి చూస్తే గుమ్మంలో మేనేజరు. ఎప్పటి నుంచి నిలబడి ఉందో!

వచ్చే శనివారానికి మొదటి భాగం కావాలని అందరూ గొడవ చేస్తే మేనేజరే వెళ్ళి తెచ్చింది. ఆ వారమంతా డీవీడీ మీద గీతలు పడాలని ప్రార్థన చేశాను, ఆలకించబడలేదు. మొదటి భాగంలో తల్లి లేదు. వరద లేదు. అన్నదమ్ములు అన్నదమ్ములు కారు, ఒకడసలు వేరే లోకం నుంచి వచ్చాడు. గంటన్నర సేపు వెనక వరసలో తల దించుకుని కూర్చున్నాను. సినిమా అయిపోయింది. చివరికి గొర్రెల తాత తేల్చాడు. "తీసినవాళ్ళు కథ పాడుచేశారు." అందరూ అవునన్నారు.

సోమవారం పొద్దున్నే ఆఫీసులోంచి పిలుపు. బల్ల మీద నా రిపోర్టు కాగితం, మేనేజరు చేతిలో కలం. "రెండు సినిమాలూ నేను పూర్తిగా చూశాను. ఎక్కడా తల్లి లేదు" అంది. లేదన్నాను. నువ్వే కల్పించావా అంది. అవునన్నాను. ఆవిడ కళ్ళద్దాలు తీసింది, లేచి వెళ్ళి తలుపు వేసింది, తిరిగొచ్చి గొంతు తగ్గించింది.

"అయితే నువ్వే చెప్పాలి. ఆ తల్లికి చిన్నకొడుకు దొరుకుతాడా, లేదా?"

ఎవరూ కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "దొరుకుతాడు. కానీ అంత తొందరగా కాదు" అని మొదలుపెట్టాను. అరగంట పట్టింది. మధ్యలో ఆవిడ రెండుసార్లు ముక్కు తుడుచుకుంది.

రిపోర్టులో ఇలా రాసింది: పెద్దవాళ్ళతో చక్కగా మాట్లాడుతుంది, సినిమాల సంగతి తప్ప మిగతా విషయాల్లో నమ్మదగిన మనిషి. ఆ కాగితంతోనే పర్మిట్ వచ్చింది. ఇప్పుడు నేను నర్సును, మాది పాపకూర పక్కనే టకానినిలో సొంతిల్లు, నేను నోరు తెరిస్తే మా పిల్లలు చెవులు మూసుకుంటారు. వార్డులో ఒక్క అక్షరం రాయాలన్నా రెండుసార్లు సరిచూసుకునే మనిషినయ్యాను. ఒక అబద్ధాన్ని ఒప్పుకుని అదే నోటితో రెండోది అందుకున్న ఆ ఇరవై మూడేళ్ళ పిల్ల గుర్తొచ్చినప్పుడల్లా మాత్రం ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత, నిజం చెప్పొద్దూ, దాన్ని చూస్తే కాస్త కుళ్ళుగా కూడా ఉంటుంది.