చితికని తెచ్చిన కట్టెలు

నా కట్టెగ్యాస్ జనరేటర్ గురించి నేను చెప్పినవాటిలో సగం అబద్ధాలు. మిగతా సగం ఆ అబద్ధాలను నమ్మించడానికి చెప్పిన నిజాలు. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర మిగిలే ముక్కలను ఇనుప డ్రమ్ములో వేసి, గాలి సరిగా ఆడకుండా కాలిస్తే గ్యాస్ వస్తుంది. దాన్ని గొట్టంలో చల్లార్చి, రంపపు పొట్టులో వడగట్టి ఇంజనుకిస్తే కరెంటు పుడుతుంది. ఇంతవరకూ నిజం. ఒక్క గరిటె కాడతో, చుక్క పెట్రోలు లేకుండా, పెళ్లిపందిరంతా వెలిగించానని టీ అంగడిలో చెప్పిందే కొంచెం ఎక్కువ. మోటారు లాంటి బరువు పడగానే ఆ గ్యాసుకు శక్తి చాలదు. అప్పుడు గోనెపట్టా కింద దాచిన సీసాలోంచి సన్న గొట్టం గుండా ఇంజనుకు కాస్త పెట్రోలు తాగించాలి. ఆ సంగతి నాకూ ఇంజనుకూ తప్ప ఎవరికీ తెలియదు.

మొన్న ఎండాకాలం గాలివానకు ఆత్మకూరు దారిలో స్తంభాలు పడిపోయి కరెంటు పోయింది. మర్నాడు పొద్దున్నే మా వీధి కిరాణా శెట్టి చనిపోయాడు. ఒక్కతే కూతురు, హైదరాబాదు నుంచి బయలుదేరింది. నేనొచ్చేదాకా ఉంచండి, నాన్న ముఖం చూడాలి అని ఫోన్లో ఏడ్చిందట. శవాన్ని ఉంచడానికి ఐస్ పెట్టె తెప్పించారు. దానికి కరెంటేది? ఊళ్లో జనరేటర్లన్నీ పెళ్లిళ్లకు పోయాయి. శెట్టి భార్య నన్ను పిలిపించింది.

"నీ మిషనుకు పెట్రోలే అక్కర్లేదంట గదా నాయనా," అంది.

మిషను తెచ్చి బిగించాను గానీ, దాచిన సీసాలోని పెట్రోలు మధ్యాహ్నానికి అయిపోయింది. పెట్టె మోటారు తిరగడం అందుకున్నప్పుడల్లా ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోతోంది. పెట్రోలు బంకు కేకేస్తే వినపడేంత దూరంలోనే ఉంది. వీధంతా నన్నే చూస్తోంది. ఒక చెక్కముక్క తీసి వేళ్లతో నొక్కి, డాక్టరులా తల ఊపాను.

"కట్టె పచ్చిగా ఉండాది పెద్దమ్మా. దీంతో గ్యాసు రాదు."

గొర్రెలు మేపే నా స్నేహితుడు పక్కనే ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ నా కోతలు విన్నవాడు. "ఏందిరా, నీళ్లలో నానిన మొద్దయినా నమిలేస్తాదంటివే! ఇయ్యాల పండ్లూడినాయా దానికి?" అన్నాడు.

శెట్టి భార్య ఇంటి పక్కకు చూసింది. చితికని తెప్పించిన కట్టెలు అక్కడ పేర్చి ఉన్నాయి.

"అవి బాగా ఎండినాయి. కొట్టుకో నాయనా. బిడ్డ వచ్చేదాకా ఆయన ముఖం చెడకుంటే చాలు."

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. గొడ్డలి అందుకున్నాను. శెట్టి కట్టెలను చిన్నచిన్న ముక్కలుగా కొట్టి డ్రమ్ములో పోశాను. గ్యాస్ చక్కగా వచ్చింది. పెట్టె మోటారు అందుకుంది. ఇంజను ఆగింది. మళ్లీ కొట్టాను, మళ్లీ పోశాను, మళ్లీ ఆగింది. పెట్టె అద్దానికి లోపల పట్టిన మంచు కరిగి బొట్లుగా జారడం మొదలైంది. ఆమె పైట చెంగుతో అద్దాన్ని బయటి నుంచి తుడుస్తూ కూర్చుంది. ఎంత తుడిచినా ఆ తడి పోవడం లేదు.

"పెట్రోలు గావాల," అన్నాను.

"ఏందీ?" అన్నాడు స్నేహితుడు.

"పెట్రోలు రా. ఎప్పుడూ పోస్తానే ఉంటాను. తప్పు కట్టెలది గాదు."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. వాడు బండి మీద పోయి డబ్బాతో తిరిగొచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఈ మాట ఇందాకే చెప్పుంటే నీ నోరు అరిగిపోయేదా?" అన్నాడు, ఆమెకు వినపడకుండా.

ఆ తర్వాత ఇంజను ఆగలేదు. కూతురు వచ్చింది, తండ్రి ముఖం చూసుకుంది. చాలాసేపటికి బయటికొచ్చి నాకు చేతులెత్తి దండం పెట్టింది. "అన్నా, నీ మేలు మర్చిపోను," అంది. వాళ్లమ్మ పక్కనే ఉంది. పెట్రోలు సంగతి ఎత్తలేదు.

శవాన్ని ఎత్తే వేళకు కట్టెలు చాలవని తేలింది. పొద్దు వాలుతోంది, కట్టెల అడితి మూసేశారు. శెట్టి భార్య మమ్మల్ని కొట్టు వెనక గదికి తీసుకెళ్లి పాత తలుపు పలకలు చూపించింది. ఇనుప షట్టరు పెట్టకముందు, వాటిని రోజూ పొద్దున ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించి, రాత్రికి వరుసగా బిగించేవాడు శెట్టి. వరుస తప్పకుండా ఒక్కోదాని మీద ఒక్కో అంకె రాసుకున్నాడు.

నేను ముందుకెళ్లి రెండు పలకలు భుజానికెత్తుకున్నాను.

"నువ్వొద్దులే నాయనా, పొద్దున్నించీ అలిసిపోయుండావు," అంది. దెప్పడానికి కాదు, నిజంగానే అంది.

దించలేదు. శ్మశానం దాకా తల వంచుకునే నడిచాను.