మసి తుడిచిన గుడ్డ

గండికోట జలాశయం నీళ్లు కొండాపురం పక్క ఊళ్లను ముంచిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. ప్రొద్దుటూరులో నాకు ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. దేవుళ్ల పటాలు, పెళ్లి ఫొటోలు, పోయినవాళ్ల ఫొటోలు, సన్మాన పత్రాలు అన్నీ నా బల్ల మీదికే వస్తాయి. అద్దం బిగించాక లోపల వేలిముద్ర కనపడటం మా పనిలో పెద్ద అవమానం. మేకులన్నీ పీకి మళ్లీ మొదలుపెట్టాలి. అందుకే ఏ బొమ్మ వచ్చినా ముందు మెత్తటి బనియన్ గుడ్డ తీసుకుంటాను. ఆ శుభ్రం గురించి నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

ఓబుళమ్మక్క నా పాత గిరాకీ. జమ్మలమడుగులో పిల్లలకు డ్రాయింగ్ నేర్పేది. మొదట్లో ఆయిల్ పెయింట్‌తో కొండలూ పూలకుండీలూ వేసేది. పులివెందులలో కొత్తగా ఇల్లు కట్టినవాళ్లు హాలు కోసం కొనుక్కుపోయేవారు. వాటికి బంగారు రంగు ఫ్రేములు కట్టింది నేనే. సొంత ఊరు మునిగాక ఆమె మళ్లీ ఆ రంగులు ముట్టలేదు. నాపరాయి పొడి, వేరుశనగ పొట్టు, ఎర్రగుంట్ల రోడ్డు పక్క ఆకుల మీద పేరుకున్న సిమెంటు దుమ్ము, ఇవే ఆమె రంగులయ్యాయి. పులివెందుల తోటల్లో అరటి గెల కోసినప్పుడు కారే జిగురు బట్టకంటితే ఏ సబ్బుకూ పోదు. ఆ మరకతో మనుషుల ముఖాలు వేసేది.

కొనేవాళ్లు తగ్గిపోయారు. నేను కూడా ఎగతాళి చేశాను. "బాగా ఏస్తాంటివి గదక్కా, ఈ కసువంతా ఏంది?"

"ఆ రంగులు ఏ అంగట్లోనైనా దొరుకుతాయి బాషా. ఇవి ఈడ తప్ప యాడా దొరకవు" అంది. కోపం తెచ్చుకోలేదు.

చివరికి బెంగళూరులో ఒక గ్యాలరీ వాళ్లు ఆమె బొమ్మలు అడిగారు. యాభై ఏళ్లు దాటాక అంత పెద్ద చోట మొదటిసారి. తొమ్మిది బొమ్మలు నా దగ్గరికి తెచ్చింది. శనివారం ఎర్రగుంట్లలో రైలెక్కించాలి. అన్నిటికన్నా పెద్దది ప్లైవుడ్ మీద అతికించిన సున్నం పెచ్చులు. నీళ్లు ఊరి పొలిమేరకు వచ్చినప్పుడు వాళ్ల వంటింటి గోడ నుంచి కత్తితో ఊడదీసి దాచుకున్నవట. ఏడాదికొక పూత, తెలుపు మీద నీలం, నీలం మీద పసుపు. దానికి స్పేసర్ పెట్టమంది. అంటే అద్దం బొమ్మకు తగలకుండా మధ్యలో వేసే సన్నటి బద్ద.

గురువారం ఆ బొమ్మ బల్ల మీద పెట్టి చూస్తే కింది మూల నాలుగు నల్లటి వేలి గుర్తులు. ఆటోలో ఎక్కించేటప్పుడు ఎవరో మసి చేత్తో పట్టుకున్నారనుకున్నాను. ఎవరినో నాలుగు తిట్టుకుని, గుడ్డ కాస్త తడిపి, పెచ్చు ఊడకుండా అరగంట కూర్చుని తుడిచాను. పని నున్నగా వచ్చింది.

సాయంత్రం అక్క వచ్చి ఆ మూల వంక చూసింది. "ఈడ నల్లగా ఉండె గదా?"

"నేనే తుడిచినా అక్కా. ఎవురో మసి చేత్తో పట్టుకున్న్యారు. ఒక్క మరక గూడ లేదు సూడు" అన్నాను గర్వంగా.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. "అది మాయమ్మ చెయ్యి బాషా. పొయ్యి ఊది లేసేటప్పుడు గోడ పట్టుకుంటాండె. ఆయమ్మ పోయినాక ఆ గోడకు సున్నం కొట్టనీలేదు నేను."

వాళ్లమ్మ చనిపోయి చాలా ఏళ్లయింది. గోడేమో నీళ్ల అడుగున ఉంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. మా ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది, మసి తెస్తాను, నువ్వే మళ్లీ వేయి అన్నాను.

"మీ పొయ్యి మసితో మాయమ్మ చెయ్యి నేనెట్ల ఏసేది?" అంది. ఉన్నట్టుండి లేచింది. "తుడిచిన గుడ్డ యాడ?"

ప్రతి గురువారం సాయంత్రం మా ఇంటామె షంషాద్ దుకాణం గుడ్డలన్నీ సోడా నీళ్లలో నానబెడుతుంది. ఇల్లు దుకాణం వెనకే. పరుగెత్తాను. బకెట్‌లో నురగ పొంగుతోంది. షంషాద్ గుడ్డల కుప్ప చేతిలోకి తీసుకుంది.

"ఆగు! ముంచొద్దు!" అని అరిచాను.

కుప్పలో వెతికితే ఆ గుడ్డ దొరికింది. అక్క విప్పి చూసింది. నాలుగు వేళ్లూ కలిసిపోయి ఒకే నల్లటి చారగా ఉంది. దాన్ని ముఖానికి ఆనించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తర్వాత దారం, సన్న డ్రిల్లు అడిగి, ప్లైవుడ్ అంచుకు బెజ్జాలు వేసి, తుడిచిన మూల కింద ఆ గుడ్డను తన చేత్తోనే కుట్టింది.

"క్షమించక్కా" అన్నాను.

"అద్దం బిగించు. ఈసారి దేన్నీ ముట్టగాకు" అంది.

శనివారం తొమ్మిది బొమ్మలూ రైలెక్కాయి.

తర్వాత నాకు చాలా రోజులు నిద్ర సరిగా పట్టలేదు. పోయినవాళ్ల పాత ఫొటోలు కొత్త ఫ్రేము కోసం వస్తే, అద్దం మీద ఎండిన కుంకుమ బొట్లను బ్లేడుతో గీకేసేవాణ్ని. ఇరవై రెండేళ్లు అదే పని. ఆ బొట్లు పెట్టింది ఎవరని ఒక్కరినీ అడగలేదు.

మొన్న సింహాద్రిపురం రైతు ఒకాయన వాళ్ల నాయన ఫొటో తెచ్చాడు. ఫ్రేముకు చెదలు పట్టింది. అద్దం మీద కుంకుమ మందంగా పేరుకుంది. అలవాటుగా బ్లేడు చేతిలోకి వచ్చేసింది. ఆగాను.

"ఈ బొట్లు ఎవురు పెట్టిందప్పా?"

"మాయమ్మ. దినామూ పెడతాండె. పోయినేడు ఆయమ్మా పాయె."

"అద్దం మార్చాల్నా?"

ఆయన అద్దం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. "వద్దప్పా. ఫ్రేము ఒగటే మార్చు" అన్నాడు.

బ్లేడు సొరుగులో పెట్టేశాను.