గోల గంట

తిట్టడం నాకు చేతకాదని మొదటి ఆదివారమే తేలిపోయింది.

హైటెక్ సిటీలో ఒక కంపెనీలో ఇంజనీర్లకు మాట్లాడటం నేర్పడం నా ఉద్యోగం. మెయిల్లో కోపం కనపడకుండా కోప్పడటం ఎట్లా, మీటింగులో వింటున్నట్టు మొహం పెట్టడం మానేసి నిజంగా వినడం ఎట్లా, ఇలాంటివి. సాఫ్ట్ స్కిల్స్ అంటారు. పద్నాలుగేళ్లు మెత్తదనం నేర్పి నేర్పి నేనే మెత్తబడిపోయాను. మాది కడప వైపు. మా మేనత్తలు పెరట్లో కోళ్లను అదిలిస్తే పక్క వీధిలో కోళ్లు కూడా సర్దుకునేవి. ఆ గొంతు వంశంలో నా దాకా రాలేదు.

చందానగర్‌లో మిక్సీలు బాగుచేసే దుకాణం పైన ఒక ట్యుటోరియల్ హాలు ఉంది. ఆదివారాలు ఖాళీ. స్థానిక ఎన్నికల్లో నిలబడాలనుకునే ఆడవాళ్లకు ఒక రిటైర్డు తహసీల్దారు అక్కడ శిక్షణ ఇచ్చేది. ఆమెను అందరూ పెద్దమేడం అనేవాళ్లు. నన్ను ఉత్త మేడం అనేవాళ్లు. మొదటి గంట పెద్దమేడం రూల్సు చెప్పేది: నామినేషన్ ఎట్లా వేయాలి, అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా ఎందుకు వదలకూడదు. రెండో గంట గొంతు గురించి నేను చెప్పేదాన్ని. అందులో నిజంగా పనికొచ్చే మాట ఒక్కటే. "వెనక వాళ్లకు వినపడలేదు. గట్టిగా చెప్పు." మూడోది గోల గంట. ఒక్కొక్కరు నీళ్ల సీసాను మైకులా పట్టుకుని ప్రసంగించాలి. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను అడ్డం పడాలి. రేపు వీధిలో మగవాళ్లు ఏమేం అడుగుతారో అవన్నీ ఈ రోజే అడగాలి.

"ఏదీ వదలొద్దు," అంది పెద్దమేడం. "బయట వాళ్లు వదలరు."

నేను లేచి, వేలు చూపించి, "మీరు నిజం చెప్పడం లేదేమోనని నా అనుమానం," అన్నాను. పదకొండు మంది పగలబడి నవ్వారు.

"మేడం తిట్టినా దీవించినట్టే ఉంటది," అంది అందులో ఒకామె.

ఆమెది మా పక్క సందులో కర్రీ పాయింట్. నాలుగేళ్లుగా మా ఇంట్లో సగం కూరలు ఆమె వండినవే. అక్కా అని పిలిచేదాన్ని. నాకంటే మూడేళ్లు చిన్నదని తర్వాత తెలిసింది గానీ అప్పటికి అక్క ఖాయమైపోయింది. వానొస్తే సందులో మురుగు మోరీ పొంగి నీళ్లు ఆమె గిన్నెల దాకా వచ్చేవి. అర్జీలు పట్టుకుని మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగింది. ఈసారి వార్డు మహిళలకు రిజర్వు కాగానే గోడల మీద పోస్టర్లు పడ్డాయి: మొగుడి మొహం మూడడుగులు, పెళ్లాం మొహం మూడంగుళాలు. "పోటీ చేసేది ఎవ్వలు మేడం, గా మూడంగుళాలామెనా?" అని నన్ను అడిగింది. వారం తిరక్కుండా తనే నిలబడతానంది, ఏ పార్టీ లేకుండా. క్యాబ్ నడిపే భర్త, "నీ ఇష్టం, నా ఫొటో మాత్రం వెయ్యకు," అన్నాడట.

ఒక సాయంత్రం వానకు కరెంటు పోయి, కొనేవాళ్లు లేక కర్రీ పాయింట్‌లో ఇద్దరమే మిగిలాం. సంచిలోంచి నమూనా అఫిడవిట్ తీసి గడులు చదివి వినిపించాను. ఆస్తులు చెప్పింది. కేసులు లేవంది. విద్యార్హత దగ్గర ఆగింది.

"పది తప్పిన మేడం. లెక్కలల్ల. రెండుసార్లు."

ఒకేసారి ఆరుగురు అడిగే కూరలకు వేలు మడవకుండా మొత్తం చెప్పే మనిషి. నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు.

"ఎవ్వలకు చెప్పకుండ్రి. మా బిడ్డకు పాసైన అని చెప్పిన. ఫస్ట్ క్లాసుల. దానికి లెక్కలంటే భయం. నేను పొయ్యి కాడ కూసొని సదివి పాసైన, నీకేం రోగం అని ఏడో తరగతి సంది చెప్తున్న. ఇప్పుడు ఇంటరు రెండో ఏడు. గా మాట మీదనే నడుస్తున్నది బండి." అఫిడవిట్ వైపు వేలు చూపించి అడిగింది. "ఈ కాగితం ఆఫీసు గోడకు అంటిస్తరంట గద?"

"అంటిస్తారు."

"అప్పటిలోపల నేనే చెప్త దానికి. మీరైతే చెప్పకుండ్రి."

చెప్పనన్నాను.

వారాలు గడిచేకొద్దీ నా తిట్లు కొంచెం ముదిరాయి. మిగతావాళ్లు తడబడేవాళ్లు కూడా. అక్క ముందు మాత్రం ఒక్కటీ నిలబడేది కాదు. "వండుకునేదానికి వార్డెందుకు?" అంటే, "వార్డు గూడ ఎన్నేండ్ల సందో ఆకలి మీదున్నది, వండి పెడ్త," అనేది. "మొగుడి పర్మిషనుందా?" అంటే, "పర్మిటు ఆయన బండికి, నాకు గాదు." అందరూ ఆమెకు చప్పట్లు కొట్టి నన్ను చూసి నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. కానీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆమె నోరు మూయించాలని లోపల ఉండేది. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

నామినేషన్లకు మంగళవారం ఆఖరు. దానికి ముందటి ఆదివారం అక్క సీసా పట్టుకుని మోరీ గురించి మొదలుపెట్టింది. నేను లేచి నిలబడ్డాను.

"అదంతా సరే. ఎంతదాకా చదివినావు నువ్వు? పదన్నా పాసైనావా?"

ఆ గొంతు మా మేనత్తలది. హాలులో ఎవరూ నవ్వలేదు. ఒక్క క్షణం, సిగ్గు లేకుండా చెప్తున్నాను, గర్వపడ్డాను. తర్వాత అక్క చూపు నా భుజం మీదుగా గుమ్మం వైపు పోవడం గమనించి వెనక్కి తిరిగాను. ఆమె కూతురు అక్కడ నిలబడి ఫోన్ ఎత్తిపట్టి వీడియో తీస్తోంది. ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు.

"పాసైన," అంది అక్క. "ఫస్ట్ క్లాసుల. పొయ్యి కాడ కూసొని సదివిన."

చప్పట్లు మోగాయి. నేను కూడా కొట్టాను.

సాయంత్రానికి ఆ వీడియో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉంది. కింద "మా అమ్మ" అని రాసి మూడు మంట బొమ్మలు పెట్టింది కూతురు. వాటి కిందే, పోస్టర్లోని మూడడుగుల మొహమాయన మనిషి ఒకడు పెట్టిన బొటనవేలు బొమ్మ. ఆ వేలును చూస్తుండగా పెద్దమేడం ఫోన్ చేసింది.

"జవాబు బాగా చెప్పింది. మంగళవారం పదో తరగతి మెమో జిరాక్సు తెచ్చుకోమను. కాగితంలో తేడా వస్తే ఆ వీడియోతోనే ఆడుకుంటారు."

"సరే," అన్నాను.

సోమవారం అక్క ఫోన్ ఎత్తలేదు. మధ్యాహ్నం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లాను. షట్టర్ సగం దించి ఉంది. వంగి లోపలికి దూరాను. క్షమాపణకు వచ్చినవాళ్లు వంగడంతో మొదలుపెట్టడం మంచిదే. ఆమె కింద కూర్చుని దొండకాయలు తరుగుతోంది.

"అక్కా, తప్పయింది."

"మీకు తప్పయింది. నేను తప్పిన. ఇద్దరం ఒక్కటే." కత్తి ఆగలేదు.

"పాప వెనక ఉందని తెలీదు."

"అది లేకుంటే అడగొచ్చా?"

ఆమె ఇంకో నాలుగు కాయలు తరిగింది.

"ఇగ నామినేషన్ వెయ్య మేడం. నిజం రాస్తే బిడ్డ ముందల పరువు పాయె. అబద్ధం రాస్తే ఊరి ముందల పాయె. అసలు వెయ్యకపోతే ఏం పోదు. మోరీ నీళ్లకు అలవాటైనం."

అప్పుడు నా వృత్తి మేలుకుంది. "'పదో తరగతి వరకు' అని రాద్దాం అక్కా. అబద్ధం కాదు. పదిలో కూర్చున్నావు కదా. పాసా ఫెయిలా అని ఆ గడిలో అడగరు."

అప్పుడు ఆపింది కత్తి. "ఆఫీసుల మీరు నేర్పేది గిదేనా?"

"కొంచెం ఇదే," అన్నాను.

ఆమె మళ్లీ కత్తి అందుకుంది. వస్తుందో రాదో తెలియకుండానే మళ్లీ వంగి బయటికొచ్చాను.

మంగళవారం సగం రోజు సెలవు పెట్టి నామినేషన్ ఆఫీసు బయట నిలబడ్డాను. మిగతా కాగితాలన్నీ పెద్దమేడం సిద్ధం చేసి పెట్టింది. అఫిడవిట్ ఒక్కటే ఆగింది. అయిదింటికి గేటు మూస్తారు. నాలుగైంది. నాలుగుంపావైంది. పెద్దమేడం గడియారం చూడటం మానేసి నన్ను చూడటం మొదలుపెట్టింది. పాస్ మెమో లేదన్న సంగతి నేను ఇంకా ఆమెకు చెప్పలేదు. నాలుగున్నరకు క్యాబ్ వచ్చి ఆగింది. అక్క దిగింది, చేతిలో కవరు. కూతురు రాలేదు.

రోడ్డవతల గొడుగు కింద నోటరీ బల్ల. టైపు చేసే కుర్రాడు గబగబా అడుగుతున్నాడు, ఆమె గబగబా చెప్తోంది.

"విద్యార్హత?"

అక్క నా వైపు చూసింది. 'వరకు' అనే మాట నా నాలుక చివర్న ఉంది. నేను గొడుగు కమ్మీల వైపు చూశాను.

"పది తప్పిన," అంది.

కుర్రాడు తలెత్తాడు. "తొమ్మిది పాస్ అని కొడ్త అక్కా. మంచిగుంటది."

"తప్పిందే కొట్టు తమ్మీ."

పెద్దమేడం నన్ను చూసింది. నేను నేలను చూశాను. అయిదుకు పన్నెండు నిమిషాలుందనగా అక్క గేటు దాటింది. బయటికొచ్చాక కొంగుతో మెడ తుడుచుకుని, "ఇయ్యాల ఇంటికి పోయి చెప్త బిడ్డకు," అంది.

చెప్పలేదు. బుధవారం కూడా చెప్పలేదు. గురువారం పొద్దున మా కాలనీ గ్రూపులో రెండూ పక్కపక్కన వచ్చాయి: వీడియో, గోడ మీది కాగితం. 'పదో తరగతి ఫెయిల్' చుట్టూ ఎర్ర సున్నా. బొటనవేలు మనిషే పెట్టాడు.

ఆఫీసులో ముప్పై మందికి 'కష్టమైన సంభాషణలు' అనే పాఠం చెప్తుండగా నా ఫోన్ మెరిసింది. అక్క కూతురు. "ఆంటీ, మీకు ముందే తెలుసా?"

పాఠం అయ్యాక నాలుగు పొడుగు జవాబులు రాసి నాలుగూ చెరిపాను. చివరికి "తెలుసు" అని పంపాను. రెండు నీలం టిక్కులు మాత్రమే వచ్చాయి. సాయంత్రం కర్రీ పాయింట్‌లో అక్క ఒక్కతే ఉంది. "బిడ్డ మాట్లాడుతలేదు," అంది, కూర కవరుకు ముడేస్తూ. "నామినేషన్ వాపసు తీసుకునేదానికి సోమవారం దాకున్నదంట గద?"

ఉంది. నేను తల ఊపాను.

ఆదివారం హాలుకు ఆమె వస్తుందని నేను అనుకోలేదు. వచ్చింది. వరుసలో చివర కూర్చుంది. గోల గంట మొదలయ్యాక పెద్దమేడం పిలిస్తే మెల్లగా లేచి సీసా అందుకుంది. నేను కుర్చీలో కూర్చున్నాను గానీ నా నోట్లో తిట్లు లేవు. తలుపు చప్పుడైంది. కూతురు లోపలికొచ్చింది, ఆదివారం క్లాసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, కాలేజీ బ్యాగు భుజానికే ఉంది. ఫోన్ చేతిలో లేదు. తిన్నగా నా దగ్గరికి వచ్చి ఆగింది.

"ఆంటీ, మీరు లేవండి."

లేచాను. ఆ పిల్ల నా కుర్చీలో కూర్చుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని తల్లిని చూసింది.

"పాసైన అని చెప్పినవ్. కాగితంల తప్పిన అని రాసినవ్. ఏది నిజం?"

"కాగితం," అంది అక్క.

"మరి నాకు అబద్ధం ఎందుకు చెప్పినవ్?"

కింద దుకాణంలో ఎవరో మిక్సీ నడిపి చూస్తున్నారు. అది ఆగింది. పెద్దమేడం ఆ పిల్లను ఆపమన్నట్టు నాకు సైగ చేసింది. నేను ఆపలేదు. ఆపే హక్కు నాకు ఎక్కడుంది?

అక్క సీసాను ఛాతీకి ఆనించుకుంది. పెదవులు కదిలాయి. "నువ్వు గూడ లెక్కలల్ల తప్పితే, నాలెక్క పొయ్యి కాడనే ఉండిపోతవని భయమేసింది."

పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది. కూతురికీ వినపడింది. బ్యాగు పట్టీని చేతికి చుట్టుకుంది, విప్పింది. కళ్లు నిండి ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"వెనక వాళ్లకు వినపడలే," అంది. "గట్టిగ చెప్పు."

అక్క సీసాను నోటి దగ్గరికి తెచ్చుకుని, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది.