రాజమ్మక్క ఎత్తించిన బాండలి

ఈ ఉదయం తిరుప్పూరు సైటులో పై అంతస్తు నుంచి వినిపిస్తున్న తాపీ చప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇటుక మీద ఆ టక్ టక్ ఆగితే నాకిప్పటికీ కూర్చోబుద్ధి కాదు. ఎందుకాగిందో తెలియాలి. నా బల్ల మీద సంతకానికి పెట్టిన లేఖ ఉంది. ఆ పై అంతస్తు జట్టు పని సాగడంలేదు, తీసేయమని. పెన్ను చేతిలోనే ఉంది. మనసు మాత్రం అవినాశికి, రాజమ్మక్క దగ్గరికి వెళ్ళిపోయింది.

అప్పట్లో నేను చదువు ముగించి కొత్తగా చేరిన ఇంజనీరును. అవినాశి దగ్గర ఒక బనియన్ల కంపెనీకి షెడ్డు కడుతున్నాం. గోడల పని రాజమ్మక్క జట్టుది. పెళ్ళయిన కొత్తలో సిమెంటు మాలు మోయడానికి వచ్చి, ఇరవై మందిని నడిపే మేస్త్రి అయిన మనిషి. ఆమె ఇంట్లోనూ మా ఇంట్లోనూ తెలుగే. కాకపోతే మాది పొలాలున్న ఇల్లు, నేను నీళ్ళ బిందె కూడా ఎత్తి ఎరగను. గోడలు లేవడంలేదు. తాపీ పట్టి గోడ కట్టే కొత్తనార్లు మాటిమాటికీ చేతులు కట్టుకుని నిలబడుతున్నారు. బద్ధకమని తేల్చేశాను. జట్టును మార్చమని లేఖ రాసి జేబులో పెట్టుకున్నాను. ఆ ఇరవై మందికీ అప్పుడు వేరే పని లేదని తెలిసే రాశాను.

గడియారం చూస్తూ గోడ ముందు నిలబడితే ఆమె వచ్చింది.

"ఏం తంబీ, కొత్తనార్లనే సూస్తా ఉండావు?"

"పని ఏల నిలిసిపోతా ఉండాదో సూస్తా ఉండానక్కా."

"నిలబడినోణ్ణి సూస్తే ఏం తెలుస్తాది? నడిసేదాన్ని సూడు. సూసేదేంది, ఇందా, ఎత్తు!"

మాలు నింపిన బాండలి నా నెత్తిన పెట్టించింది. మోసే ఆడవాళ్ళు పకపకా నవ్వారు. షెడ్డు చుట్టూ తిరిగి, అడ్డంగా పడున్న ఇనుప చువ్వలు దాటి గోడ చేరేసరికి మెడ విరిగినంత పనైంది. నాలుగో నడకకు తెలిసింది, కొత్తనార్లు ఆగుతున్నది మాలు అందక. మాలు కలిపే ఇసుక అంత దూరం ఎవరు పోయించారని మండిపడ్డాను.

"నువ్వే గదా తంబీ. కంపెనీ ముతలాళి వస్తారు, ముందర సుత్తంగా ఉండాలంటివి. నేను ఆ పొద్దే సెప్పితి. నువ్వు ఫోన్లో మాట్లాడతా సరి, సరి అంటివి."

సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ మధ్యాహ్నమే ఇసుకను గోడ పక్కకు తెప్పించి, చువ్వలు తీయించాను. గోడలు చకచకా లేచాయి. నాకు ఆశ పుట్టి, ఇంకో రెండు గంటలు లాగిద్దామన్నాను. ఆమె అప్పటికే బాండలి కడిగేస్తోంది. "ఈ పొద్దుకు సాలు తంబీ. రేపూ ఈ చేతులే రావాల." వాదించబోయాను గానీ నా మెడనొప్పి ఒప్పుకోలేదు. షెడ్డు పూర్తయ్యేదాకా ఆ జట్టే ఉంది. వెళ్ళిపోయే రోజు ఆమె నా జేబు వైపు చూసి, "ఆ కాగితం సించేస్తివా?" అంది. ఎలా తెలిసిందో నేను అడగలేదు.

అప్పటి నుంచి ఏ జట్టు మీద ఫిర్యాదు వచ్చినా ముందు ఒక్క బాండలి మోసి చూస్తాను. ఈ వయసులో ఇదేం పిచ్చని ఆఫీసులో నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

లేఖ పక్కన పెట్టి, ఫోను చేత్తో పట్టుకుని బయటికొచ్చాను. ఇసుక కుప్ప ఎక్కడో గేటు అవతల ఉంది. అంత దూరం ఎవరు పోయించారని అడిగాను. మాలు నింపుతున్న ఒకామె తలెత్తి చూసింది.

"మీరు పొయ్యమన్న తావే సార్."

ఫోను జేబులో పెట్టి, బాండలి కోసం తల వంచాను.