పిడి లోపలి ఇనుము

ఆ రోజు అత్వెల్లి బస్టాపులో ఒళ్లు మండిపోతూ కూర్చున్నాను. పక్కన సంచిలో జపాన్ తరహా కత్తి ఉంది. మరీ చవకదీ కాదు, మరీ ఖరీదైనదీ కాదు. తడిపి చుట్టిన చాపలు నరికే సాధన కోసం కొన్నాను. ముందురోజు రెండో వేటుకే కత్తి అలుగు పిడిలోంచి ఊడి, ఎగిరి గోడకు కొట్టుకుంది. సుచిత్ర చౌరస్తాలో అది అమ్మినవాడిని కడిగిపారేయాలని బయలుదేరాను.

పక్కనున్న కల్లు గీసే ముసలాయనకు ఇదంతా చెప్పి, వాడిని తిట్టాను. ఆయన సంచిలోకి తొంగి చూశాడు. పిడి లోపలికి వెళ్లే ఇనుము బొటనవేలంత పొడవే ఉంది.

"కొనేటప్పుడు పిడి ఇప్పి జూసినవా సారూ?"

"లేదండీ, పదును చూశాను."

"పదునుదేముంది? నేను రోజు నూరుకుంట." ఆయన గొంతు పెరిగింది. "చెట్టు మీద నా కత్తి పిడి ఊడిందనుకో, కిందనే నా పెండ్లాం ఉంటది కుండ వట్టుకొని. గందుకే ముందుగాల పిడి జూస్త. వాడు దొంగనే. మరి నువ్వు కత్తి ఎత్తినప్పుడు ఎదురుంగ ఎవరుండిరి?"

నా కూతురు. ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడింది.

బస్సు వచ్చింది, ఎక్కాను. అమ్మినవాడి కోసం సిద్ధం చేసుకున్న తిట్లన్నీ సుచిత్ర చేరేలోపే నా మీద ఖర్చయిపోయాయి.