అన్నంలో ఒక ఎన్

భీమవరంలో ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే ఆఫీసులో కొన్నేళ్లు పనిచేశాను. వైఫై అన్న మాట అప్పుడప్పుడే మా ఊరి నోళ్లలో నలుగుతున్న రోజులు. నా బల్ల మీది కంప్యూటర్లో ప్రతి కస్టమర్ ఇంట్లోని రూటరూ ఒక చుక్క. పనిచేస్తుంటే పచ్చ, లేకపోతే ఎరుపు. కుర్చీలోంచి లేవకుండానే ఎవరింటి రూటర్‌నైనా ఆపి మళ్లీ వెయ్యగలను, దాని పేరు మార్చగలను. ఉరుము వినపడగానే మావాళ్లు ప్లగ్గులు పీకేసేవారు కాబట్టి, వాన ఏ పక్కనుంచి వస్తోందో కూడా ఆ ఎర్ర చుక్కల్ని చూసి చెప్పేదాన్ని. దాచడమెందుకు, కొంచెం గర్వంగానే ఉండేది.

ఒకరోజు రొయ్యల చెరువులున్న ఒకాయన ఫోన్ చేశారు.

"మేడంగారూ, మా అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోందండి. ఆ లాప్‌టాప్ ముందు కూర్చుందంటే తిండి ధ్యాసే ఉండదు. నేనేమో పొద్దున్నే చెరువు మీదకి వచ్చేస్తాను. నెట్ కలిపేటప్పుడు ఏదో పేరు కనపడుద్దంట కదా, దాన్ని 'అన్నం తినమ్మా' అని మార్చగలరా అండి?"

నవ్వొచ్చింది. పక్కన ఇంకో ఫోన్ మోగుతుంటే, ఇంగ్లీషు అక్షరాల్లో గబగబా కొట్టి పంపేశాను.

కొన్ని నెలల తర్వాత ఆ ఇంటి చుక్క ఎర్రబడింది. వారం దాటినా పచ్చబడలేదు. వేరే కంపెనీకి మారిపోయి ఉంటారు, మాటైనా చెప్పలేదని విసుక్కున్నాను. పన్నెండో రోజున మళ్లీ వెలిగింది. అదే వారం మా ఓనరుగారు, రూటర్లన్నిటికీ మన కంపెనీ పేరే ఉండాలన్నారు. ఒక్క నొక్కుతో ఊరంతా మార్చేశాను. పాత పేర్లు ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

మర్నాడు ఆ అమ్మాయి ఆఫీసుకొచ్చింది. తండ్రి పోయారట. చెరువు గట్టు మీదే గుండె ఆగిపోయిందట. నేను విసుక్కున్న ఆ రోజులన్నీ వాళ్లింట్లో కర్మకాండలు జరుగుతున్నాయి. నా మీద నాకే అసహ్యం వేసింది.

"మా నాన్నగారు పెట్టిన పేరు పోయిందండి. మళ్లీ పెట్టగలరా?"

కూర్చోమని, 'అన్నం తినమ్మా' అని టైపు చేశాను. ఆ పిల్ల వంగి తెర వైపు చూసింది.

"ఇది కాదు మేడం. నాన్నగారు అన్నంలో ఒక ఎన్ వదిలేశారు. 'అనం' అని ఉండేది. ఆయనకి ఇంగ్లీషు సరిగ్గా రాదండి. 'అనం తిన్నారా నాన్నగారూ' అని రోజూ ఏడిపించేదాన్ని. నవ్వేవారే గానీ ఏమీ అనేవారు కాదు. ఆ తప్పు అలాగే ఉండాలండి."

ఆయన నాకు ఫోన్లో చెప్పింది తెలుగులో. ఎన్ వదిలేసింది నేను. అది ఆఫీసు వాళ్ల పొరపాటని కూతురితో ఒక్క ముక్క చెబితే సరిపోయేది. ఆయన చెప్పలేదు. ఇప్పుడు నేను చెబుదామని నోరు తెరిచాను. ఆ పిల్ల తెర మీంచి చూపు తిప్పడం లేదు. చెప్పలేకపోయాను. ఒక ఎన్ చెరిపేశాను.

"ఇదేనండి. నాన్నగారు రాసింది ఇదే" అంది.

"అవునమ్మా" అన్నాను. ఆ వెంటనే, "అన్నం తిన్నావా?" అని అడిగాను.

లేదని తల అడ్డంగా ఊపింది.