మొదట నాది చెప్తా

రెండు రోజులుగా మా ఇంట్లో ఒక చిన్న పంకా వట్టి పుణ్యానికి తిరుగుతోంది. కంప్యూటర్‌లో కొత్త గ్రాఫిక్స్ కార్డు బిగించాను. పంకా హోరు మదనపల్లె బస్టాండులో కదలకుండా గుర్రుమనే పది బస్సులంత ఉంది, లోపలి లైట్లు తిరునాళ్ళకు కట్టినట్టున్నాయి, తెర మాత్రం అమావాస్య. వంగి లేచి, వంగి లేచి నా నడుము మూడు ముక్కలైంది. అమ్మినవాణ్ణి, ఇంట్లో వాళ్ళను, కరెంటును వరుసగా అనుమానించాను. ఇల్లు తుడిచే రమణమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. కొత్త ప్లాస్టిక్ వేడెక్కిన ఆ వాసన మధ్య మస్తాన్ సాబు గుర్తొచ్చాడు.

మస్తాన్ సాబు మదనపల్లెలో రేడియోలు బాగుచేసేవాడు. ఆయన అంగడి ఎంత ఇరుకంటే, కొత్త రేడియో లోపలికి రావాలంటే ఆయన బయటికి రావాలి. చదివింది ఐదో తరగతి. అయినా చుట్టుపక్కల ఏ యంత్రం మూగబోయినా ఆయనకే కబురు వెళ్ళేది.

ఎనభైల చివర నేను పుంగనూరులో రెడ్డప్పగారి టైపు ఇన్‌స్టిట్యూట్‌లో కొత్తగా చేరాను. అక్కడ ఒకే ఒక కంప్యూటరు ఉండేది. జనం దాన్ని ఏనుగును చూసినట్టు చూసిపోయేవారు. ఒకరోజు దాని లోపల తెరకు బొమ్మ పంపే కార్డు కాలిపోయింది. కొత్తది బెంగళూరు నుంచి రైల్లో కుప్పం దాకా రెడ్డప్పగారి బామ్మర్ది తెచ్చాడు. కుప్పం నుంచి పుంగనూరుకు నేను తెచ్చాను. బస్సులో నిలబడి, ఆ పెట్టెను పసిబిడ్డలా గుండెకు హత్తుకుని, నలుగురి కాళ్ళు తొక్కి, నలభైమంది చేత తిట్లు తిని దిగాను.

"పూజ చేసి బిగించప్పా," అని రెడ్డప్పగారు టెంకాయ కొట్టడానికి వీధిలోకి వెళ్ళారు. కార్డు అడుగున, కంప్యూటరులో గుచ్చుకునే చోట, బంగారు రంగు పళ్ళు వరుసగా మెరుస్తున్నాయి. లక్ష్మీకళంతా అక్కడే ఉందనిపించింది. ఆ పళ్ళ మీద చిక్కగా గంధం మెత్తి, పైన కుంకుమ పెట్టాను. ఒక బొట్టుకు దేవుడు చూస్తాడో లేదోనని ఐదు పెట్టాను. బిగించి స్విచ్ వేస్తే పొడుగ్గా ఒక కూత, పొట్టిగా రెండు కూతలు. తెర మీద ఏమీ లేదు.

మూడు రోజులు ఆ కూతలే. మూడో రోజు రెడ్డప్పగారికి దోషి దొరికింది. గది ఊడ్చే వెంకటమ్మ.

"తడిబట్ట పెట్టి రుద్దుంటాది. రేపట్నించి రావద్దని చెప్పేస్తా."

"ఆ పెట్టి దిక్కు గూడా పోలేదు సామీ! నా బిడ్డల మీద ఒట్టు!"

నాకు అప్పటికే బొట్ల మీద అనుమానం మొదలైంది. మూత విప్పి చూస్తే తేలిపోయేది. చూడలేదు. కొత్త ఉద్యోగం, భయం. వెంకటమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే నేను గోడ మీది క్యాలెండరులో రాహుకాలం వెతికాను.

సాయంత్రానికి మస్తాన్ సాబు వచ్చాడు. స్క్రూడ్రైవరు తియ్యలేదు. చెప్పులు విడిచి, కుర్చీలో కూర్చుని, మూడు కూతలూ కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత అందర్నీ పిలిచాడు. అది ఆయన పద్ధతి. ఏ ఇంట్లోనైనా ముందు ఎవరెవరు ఏం ముట్టారో చెప్పాలి.

"మొదుట నాది సెప్తా. తలుపు ముట్టినా, కుర్చీ ముట్టినా. ఇంక మీరు."

"నేను టెంకాయ ముట్టినా," అన్నారు రెడ్డప్పగారు విసుగ్గా.

"నేను సీపురు సామీ. అంతే," అంది వెంకటమ్మ.

"స్క్రూలు," అన్నాను నేను.

ఆయన మూత తీసి కార్డు బయటికి లాగాడు. ఎండిన గంధం, ఎర్రగా కుంకుమ. అందరికీ వీపు తిప్పి దాన్ని ఒళ్ళో పెట్టుకుని, నా వైపు మాత్రం ఒక చూపు చూశాడు. ఆ చూపు బరువుకు గుర్రంకొండ కోట కూడా ఒక అడుగు కుంగేది.

"ఇంగోతూరి సెప్పుకుందాం. మొదుట నాదే. తలుపు, కుర్చీ, ఈ కార్డు."

"టెంకాయ," అన్నారు రెడ్డప్పగారు. "యాలప్పా ఈ ఆట?"

"సీపురు," అంది వెంకటమ్మ.

నా వంతు వచ్చింది. "బొట్లు నేనే పెట్టాను సాబూ. ఆ పళ్ళ మీదే. వెంకటమ్మ ముట్టలేదు."

మస్తాన్ సాబు జేబులోంచి పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరు తీసి, ఆ పళ్ళను ఒక్కొక్కటీ తోమాడు. కార్డు మళ్ళీ గుచ్చి స్విచ్ వేస్తే తెర వెలిగింది. రెడ్డప్పగారు తెరను చూడలేదు, నన్నే చూశారు. "బొట్టు పెట్టేది తప్పు గాదప్పా. నోరు మూసుకోని ఆయమ్మను ఏడిపిస్తివే, అదీ." నెల తిరక్కుండా నన్ను మాన్పించారు. తెర వెలిగిన ఆ సాయంత్రం వెంకటమ్మ అందరికీ టీ తెచ్చింది. నాకూ ఇచ్చింది, మొహం చూడకుండా. అంత చేదు టీ మళ్ళీ తాగలేదు, చక్కెర సరిగ్గానే ఉంది.

బస్సు కోసం నడుస్తూ సాబు అడిగాడు. "యాల ముందే సెప్పలేదప్పా?"

"భయమేసింది సాబూ."

"నాకూ యేస్తాది. అందుకే కదా, మొదుట నాది సెప్పేస్తా. పనిపోతే మా అంగట్లోకి రాపో. ఇద్దరం పట్టం, నువ్వు బైట కూర్చో," అన్నాడు. ఆరేళ్ళు ఆ అంగడి బయట కూర్చున్నాను. నా చేతికొచ్చిన పనంతా అక్కడ నేర్చిందే.

ఆయన పోయి చాలాకాలమైంది. ఈ పొద్దు నేను చాప మీద కూలబడి, నల్లటి తెరకు చెప్పుకున్నాను. మొదట నాది. కార్డు ముట్టాను. స్క్రూలు ముట్టాను. తీగ ముట్టాను. తీగ దగ్గర ఆగాను. తెర తీగను కొత్త కార్డుకు కాక, అలవాటు కొద్దీ కంప్యూటరుకు ముందునుంచీ ఉన్న పాత రంధ్రానికే తగిలించాను. మార్చాను. తెర వెలిగింది.

రమణమ్మ చీపురుతో గుమ్మంలో నిలబడింది. "ఏమైందప్పా? నేనేమన్నా ముట్టినానా?"

"లేదమ్మా," అన్నాను. "నేనే."